సెల్లారులో వాన

వడగళ్ళ వాన పడిన రోజున, ఆ సంగతి తెలియని మనిషి ఊరంతటికీ ఒక్కడే మిగిలాడు. ఆయన కట్టుడుపళ్ళు చేసే ఆయన. పళ్ళ డాక్టర్లు రోగుల నోట్లోంచి తీసిన అచ్చులు ఆయనకు పంపిస్తారు. ఆయన వాటిలో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి తిరిగి పంపుతాడు. అందరూ పళ్ళాయన అంటారు. ఆయన పనిగది నాలుగంతస్తుల భవనం కింద, సెల్లారులో ఉంది. దానికి కిటికీ లేదు. పైన ట్యూబులైటు, గోడకి గాలి బయటికి లాగే ఫ్యాను, బల్ల మీద పాలిష్ మోటారు. ఆ మోటారు తిరుగుతున్నంతసేపూ బయట ఉరిమినా, పక్కిల్లు కూలినా ఆయనకొకటే.

ఆ సాయంత్రం ఆయన పని ముగించుకుని పైకి వచ్చేసరికి వాన వెలిసి ఎండ కూడా కాసింది. రోడ్లు మాత్రం తడితడిగా ఉన్నాయి. పళ్ళాయన ప్యాంటు మడుచుకుని, గుంటలు తప్పించుకుంటూ ఇంటికి చేరి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ భార్యని అడిగాడు, నీళ్ళ ట్యాంకరేదైనా బోల్తా పడిందా అని.

ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. ఆ మధ్యాహ్నం వడగళ్ళు కారు టాపు మీద టపటపా పడుతుంటే, నేర్చుకునే పెద్దమనిషి స్టీరింగు వదిలేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడట. ఆవిడే పక్క సీట్లోంచి బ్రేకు తొక్కి గండం గట్టెక్కించింది. అంతటి అనుభవం మీదున్న మనిషిని పట్టుకుని ట్యాంకరు సంగతి అడిగేసరికి ఆవిడకి నవ్వాగలేదు. పైవాటాలో ఉండే తమ్ముణ్ణి కేకేసి పిలిచి మరీ ఆ మాట మళ్ళీ చెప్పించింది. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. అతను ఫ్రిజ్‌లో దాచిన వడగల్లుని గిన్నెలో పెట్టుకుని దిగాడు. అప్పటికది కరిగి కందిగింజంత అయింది గానీ, పడినప్పుడు నిమ్మకాయంత ఉందని అక్కా తమ్ముడూ ఒక్క గొంతుతో చెప్పారు.

భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు. ఎవరి కారు అద్దం పగిలింది, ఎవరి కుక్క మంచం కింద దూరింది, ఎవరు ఎక్కడ నిలబడిపోయారు. పళ్ళాయన ఒకసారి "మా దగ్గరైతే" అని మొదలుపెట్టాడు. ఇద్దరూ తినడం ఆపి ఆయన వైపు చూశారు. ఆయన మజ్జిగ అడిగాడు.

 ఇన్నేళ్ళుగా ఎండొచ్చినా వానొచ్చినా నా పని ఆగదని గొప్పగా చెప్పుకునే మనిషికి, ఎండా వానా అన్నీ తనకి చెప్పకుండానే వచ్చి పోతున్నాయని ఆ పూటే తెలిసొచ్చింది. మర్నాడు బావమరిది ఏదో లిఫ్టు బాగుచేయడానికి అటువైపు వచ్చి సెల్లారులోకి తొంగిచూస్తే, ఆయనే పిలిచి, ఈ వానల సంగతి ముందుగా తెలిసే మార్గమేమన్నా ఉందా అని అడిగాడు.

ఉంది. అదొక యాప్, పేరు 'నెత్తిమీద'. ఫోన్లో వేసుకోవాలి. ఎవరి వీధిలో ఎండ కాస్తోందో, ఎవరింటి మీద మబ్బు పట్టిందో ఎవరికి వాళ్ళు రాస్తూ ఉంటారు. చుట్టుపక్కల వాళ్ళు చూసి బట్టలు ఆరేసుకోవడమో తీసుకోవడమో చేస్తారు. నచ్చితే లైకు కొడతారు. బావమరిది అప్పటికే అందులో ముదురు. బావ ఫోను లాక్కుని చకచకా వేళ్ళు ఆడించి, చివరికి దాన్ని బావ మొహం ముందు పెట్టి, పేరు చెప్పమన్నాడు. పైకి చెబితే చాలు, అదే రాసుకుంటుంది.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారి నర్సమ్మ మెట్లు దిగుతూ, మాకేం తయారయ్యాయని అడిగింది. పళ్ళాయన అటు తిరిగి, "పై పళ్ళు నాలుగు" అన్నాడు.

ఫోను విన్నది. 'పై పళ్ళు నాలుగు గారికి స్వాగతం' అన్నది. పేరు మార్చాలంటే నెల ఆగాలట. బావమరిది పొట్ట పట్టుకుని ప్లాస్టరు బస్తా మీద కూలబడ్డాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, పేరుదేముంది బావా, ముందు మొదటి ప్రశ్నకి జవాబు రాయమన్నాడు.

మొదటి ప్రశ్న, 'మీ నెత్తిమీద ఇప్పుడేముంది?'

పళ్ళాయన తలెత్తి చూసి, "ట్యూబులైటు" అన్నాడు.

"అది కాదు బావా, ఆకాశంలో."

"ఆకాశం ఇక్కడెక్కడిదిరా?"

పైకెళ్ళి చూసి రమ్మని సలహా ఇచ్చాడు బావమరిది. ఇంతలో ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయారని ఫోనొస్తే వాళ్ళని విడిపించడానికి పరిగెత్తాడు. పళ్ళాయన చేతులకేమో ప్లాస్టరు. ఇప్పుడు చేతులు కడుక్కుని మెట్లెక్కి దిగేలోపు గిన్నెలో కలిపింది కాస్తా రాయైపోతుంది. నర్సమ్మ వైపు చూశాడు. ఆవిడ మొహమంతా చెమట. నెత్తిమీద వేసుకున్న చున్నీ ఇంకా తీయలేదు. ఆయన చిటికెన వేలితో సూర్యుడి బొమ్మ నొక్కి, నర్సమ్మ చేతే రాయించాడు. ఎండ మండిపోతోంది, తల మీద గుడ్డ లేకుండా బయటికి రాకండి అని.

ప్లాస్టరు గట్టిపడేలోపే లైకులు వచ్చిపడ్డాయి. కుండీలమ్మ అనే ఆవిడెవరో, 'మంచి మాట చెప్పారు పై పళ్ళు నాలుగు గారూ' అని రాసి పక్కన పువ్వు పెట్టింది. ఇన్నేళ్ళలో ఎంతమంది నోళ్ళలో పళ్ళు నిలబెట్టినా ఒక్కరూ పువ్వు పెట్టి మెచ్చుకున్న పాపాన పోలేదు. పళ్ళాయనకి ఒళ్ళు తేలిపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది. పొద్దున్నే ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి రాయందే ఆయనకి పని తోచేది కాదు. పైకెక్కడం మాత్రం లేదు. మెట్లు దిగి వచ్చేవాళ్ళే ఆయనకి ఆకాశం. చెప్పులకి బురదుంటే వాన. కళ్ళు చికిలించుకుంటూ వచ్చి గోడ తడుముకుంటే మంచి ఎండ. చలికోటు గుండీలన్నీ పెట్టుకుని వస్తే చలిగాలి. ఇది నిజంగా తెలివైన పద్ధతే అని ఆయన నమ్మకం. చాలాసార్లు సరిపోయేది కూడా. వీధిలో ఇంకెవరూ ఇంత శ్రద్ధగా రాయకపోవడం వల్ల 'నెత్తిమీద' వాళ్ళు ఆయనకి 'వీధి కన్ను' అనే బిరుదిచ్చారు. పేరు పక్కన చిన్న కన్ను బొమ్మ వచ్చి కూర్చుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళిన మనిషి ఫోను భార్యకి కనబడేలా బల్ల మీద పెట్టి, కనబడిందో లేదోనని దాన్ని రెండుసార్లు జరిపాడు.

ఆవిడ చూసింది. పాఠానికీ పాఠానికీ మధ్య ఆవిడ ఆయన రాతలన్నీ చదువుతూనే ఉంది.

"గాలి తూర్పు నుంచి వీస్తోందని కూడా రాశారు. అది మీ ఫ్యాను గాలా?"

"కాదు. కొరియరతని జుట్టంతా ఓ పక్కకి పడి ఉంది. అటునుంచి ఇటు వీస్తేనే కదా అలా పడుతుంది?"

"అతను పాపిడి తీసేదే అలాగండీ."

 అసూయపడే వాళ్ళతో వాదన దేనికని పళ్ళాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి గాలి గురించి రాయడం మాత్రం మానేశాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం నర్సమ్మ అచ్చుల డబ్బా పట్టుకుని సెల్లారులోకి దిగింది. దిగడం కాదు, జారినట్టే వచ్చింది. నెత్తి నుంచి అరికాళ్ళ దాకా తడిసి ముద్దయి, జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పళ్ళు టకటకలాడిస్తూ ఆవిడేదో చెప్పబోయింది. కానీ మోటారు తిరుగుతోంది, పళ్ళాయన చేతిలో పాలిష్ పడుతున్న సెట్టు ఉంది. ఆయన తువ్వాలు ఆవిడ వైపు విసిరి, అంతా విన్నట్టు తలాడించాడు. ఆవిడ తుడుచుకుని, డబ్బా అక్కడ పెట్టి విసవిసా వెళ్ళిపోయింది. ఆయన మోటారాపి ఫోనందుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎండలూ చిరుజల్లులూ రాసి రాసి విసిగి ఉన్నాడేమో, చేతికి పూనకం వచ్చింది. 'కుండపోత. చిల్లులు పడ్డట్టే ఉంది ఆకాశానికి. ఆరుబయట ఉన్నవన్నీ లోపల పెట్టుకోండి. ఆలస్యం చేయకండి.'

ఎప్పుడూ లేనన్ని లైకులు వచ్చాయి. అంతకన్నా ముఖ్యం, వెంటనే కుండీలమ్మ కూడా 'అవును, భలే వాన' అని రాసింది. 'మూడో అంతస్తు' అనే పేరుగల ఆయన, 'మా ఆఫీసు దగ్గర కూడా జోరుగా పడుతోంది' అన్నాడు. 'స్కూలు గంట' అనే మరొకాయన, పిల్లల ఆటలు ఆపించి లోపల కూర్చోబెట్టామని చెప్పి, సమయానికి హెచ్చరించినందుకు ధన్యవాదాలు తెలిపాడు. గంట తర్వాత పళ్ళాయన ఆ మాటల్ని మళ్ళీ చదువుకుంటుండగా మెట్ల మీద బరువుగా అడుగుల చప్పుడైంది.

వచ్చింది వీధి మలుపులో పరుపులు కుట్టే ఆయన. ఒళ్ళంతా దూది. కనుబొమల మీద కూడా దూదే. ఒక చేయి నడుం మీద, ఇంకో చేతిలో ఫోను. పళ్ళాయన ఆ మనిషి చెప్పుల వైపు చూశాడు. పొడిగా ఉన్నాయి. చొక్కా వైపు చూశాడు. వీపు తడిసింది గానీ అది చెమట.

"ఇక్కడ పై పళ్ళు నాలుగు ఎవరండీ?" అన్నాడు పరుపులాయన.

పళ్ళాయన నేనేనన్నట్టు చేయెత్తాడు.

పరుపులాయన అరవలేదు. అరిచుంటే బాగుండేదని పళ్ళాయనకి తర్వాత అనిపించింది. ఆ మనిషి గది నాలుగు గోడలూ తీరిగ్గా చూశాడు. తర్వాత పైకప్పు చూశాడు. ట్యూబులైటు చూశాడు.

"కిటికీ ఎక్కడుందండీ?"

"లేదండీ."

"మరి వాన ఎక్కడ చూశారు?"

పళ్ళాయన తువ్వాలు చూపించాడు. అది ఇంకా తడిగానే ఉంది.

తర్వాత బయటపడిన సంగతేమిటంటే, భవనం మీది నీళ్ళ ట్యాంకు నిండి పొంగిపోయింది. నీళ్ళు ఎక్కించే మోటారు ఆపాల్సిన మనిషి నిద్రపోయాడు. ఆ నీళ్ళు గొట్టంలోంచి ధారకట్టి సరిగ్గా సెల్లారు మెట్ల మొదట్లో, సరిగ్గా నర్సమ్మ నెత్తిన పడ్డాయి. వీధిలో మాత్రం ఎండ పెళపెళలాడుతోంది. ఆ ఎండలో పరుపులాయన, ఆరబెట్టిన దూదంతా గోనెల్లోకి కూరి, పెళ్ళాన్నీ పక్కకొట్టు ఆయన్నీ సాయం పిలిచి, పరుపులన్నీ మోసి మోసి లోపల పడేశాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారట. వానొస్తోందని చెబితే ఒకాయన ఆకాశం వైపూ, ఈయన వైపూ మార్చి మార్చి చూసి, ఇంట్లో అంతా బాగేనా అని అడిగాడట.

"మీరొక్కరే రాసుంటే నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు పరుపులాయన. "ఇంకా ముగ్గురు అవునన్నారు కదండీ. అందరికీ కనబడుతున్న వాన నాకొక్కడికే కనబడటం లేదేమో, కళ్ళకేమైనా అయిందేమోనని హడలిపోయాను."

పళ్ళాయన ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.  పరుపులాయన నీళ్ళు తాగి, బల్ల మీద వరసగా పెట్టిన పళ్ళ సెట్లు కాసేపు చూసి, ఇవన్నీ నవ్వుతున్నట్టున్నాయండీ అని లేచి వెళ్ళిపోయాడు.

ఇంట్లో జరగాల్సింది జరిగింది. భార్య అంతా విని, నవ్వాపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాన పడితే ట్యాంకరంటారు. ట్యాంకు పొంగితే వానంటారు. మిమ్మల్నేం చేయనండీ?"

పళ్ళాయన మొహం చిన్నబోయింది. ఫోన్లోంచి 'నెత్తిమీద' తీసేస్తానన్నాడు. ఆవిడ వెంటనే నవ్వాపేసింది. తీసేస్తే ఆ పరుపులాయనకీ మీకూ మధ్య ఈ పడని వాన ఒక్కటే మిగిలిపోతుంది, ఉన్న మాట ఉన్నట్టు రాసి పడుకోండి అని చెప్పి, కంచాలు తీయడానికి లేచింది.  ఆయన ఫోను తీసి ఇలా రాశాడు: 'ఈరోజు వాన పడలేదు. నేను సెల్లారులో పనిచేస్తాను. కిటికీ లేదు. మెట్లు దిగి వచ్చేవాళ్ళని చూసి రాస్తున్నాను. తప్పయింది.'

తిట్లకి సిద్ధపడి, పొద్దున లేచాకే చూశాడు. తిట్లు లేవు. కుండీలమ్మ రాసింది, తనకి మోకాళ్ళ నొప్పులని, బాల్కనీ దాకా వెళ్ళలేక రోజూ ఆయన రాసింది చూసే తనూ రాస్తోందని, పువ్వొక్కటే తన సొంతమని. మూడో అంతస్తు ఆయన ఆఫీసులో కంప్యూటరు తెర కనబడదని కిటికీ పరదాలు ఎప్పుడూ దించే ఉంటాయట. కుండీలమ్మ పెద్దావిడ, ఆవిడ అబద్ధం చెప్పదు కదా అని తనూ అవునన్నాడట. స్కూలు గంట ఆయన కథ ఇంకా బాగుంది. అప్పటికే ముగ్గురు చెప్పారని నమ్మి పిల్లల్ని లోపలికి తోలితే, కిటికీల్లోంచి ఎండ వాళ్ళ మొహాల మీదే పడుతోందట. పిల్లలు అడిగితే, వాన ఇంకా దారిలో ఉందని చెప్పాడట.

పళ్ళాయన మంచం మీదే కూర్చుని ఆ రాతలన్నీ చదివాడు. అంటే ఇన్నాళ్ళూ ఆ వీధి ఆకాశాన్ని మోసింది నర్సమ్మ చున్నీ, కొరియరతని పాపిడీ. నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కాస్త భయమూ వేసింది. ఆ పొద్దున ఆయన పనిగదికి వెళ్ళి, దీపం వేసి, మళ్ళీ ఆర్పేసి, నేరుగా పరుపుల కొట్టు ముందుకెళ్ళి నిలబడ్డాడు.

పరుపులాయన సూది ఆపకుండానే, ఏమిటండీ ఇలా వచ్చారన్నాడు. ఆకాశం చూద్దామని వచ్చానన్నాడు పళ్ళాయన. పరుపులాయన పక్కకి జరిగి, నాదేం పోయింది, చూసుకోండి అన్నట్టు గడ్డం పైకెత్తాడు.

అక్కణ్ణుంచి రోజూ అదే వరస. ప్లాస్టరు గట్టిపడే వ్యవధిలో పళ్ళాయన పైకొచ్చి కొట్టు ముందు నిలబడేవాడు. తీరా చూస్తే ఆయనకి ఆకాశం బొత్తిగా రాదని తేలింది. పొగ చూసి మబ్బనుకునేవాడు. మబ్బు చూసి వానొచ్చేస్తోందని కంగారుపడేవాడు. పరుపులాయనకీ పెద్దగా తెలిసింది లేదు గానీ, తెలిసినట్టు మాట్లాడటంలో ఆయనకెవరూ సాటిరారు. ఇద్దరూ ఒకే మబ్బు కింద నిలబడి, పడుతుందని ఒకరూ పడదని ఒకరూ వాదించుకునేవారు. ఎక్కువసార్లు ఇద్దరూ తప్పే. పళ్ళాయన ఆ వాదన ఉన్నదున్నట్టు 'నెత్తిమీద'లో రాసేసేవాడు: 'మబ్బుంది. నేను పడుతుందంటున్నాను. పరుపులాయన పడదంటున్నాడు. మీ ఇష్టం.' అవి చదవడానికే పక్క వీధుల వాళ్ళు కూడా చేరారు. 'వీధి కన్ను' బిరుదు మాత్రం పోయింది. దాన్ని ఇప్పుడు కుండీలమ్మకి ఇచ్చారు. ఆవిడ కుర్చీ బాల్కనీలోకి వేయించుకుందట.

ఒక మధ్యాహ్నం పళ్ళాయన పైకొచ్చేసరికి గాలి లేదు. వీధంతా పసుపు రంగు వెలుగు. పరుపులాయన వాదన మొదలుపెట్టకముందే ఆయన ముక్కు మీద ఒకటి, పళ్ళాయన అరచేతిలో ఒకటి, పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైన గొట్టాలేమన్నా ఉన్నాయేమోనని పళ్ళాయన తలెత్తి మరీ చూశాడు. ఏమీ లేవు. ఆ తర్వాత ఆలోచించే తీరిక దొరకలేదు. బయట పరుపులు పరిచి ఉన్నాయి, దూది ఆరబోసి ఉంది. పళ్ళాయన చొక్కా చేతులు మడిచి, ఒక పరుపుని భుజాన వేసుకున్నాడు. మైనం బొమ్మల్ని వేళ్ళ చివర్లతో పట్టుకునే అలవాటున్న మనిషికి అది ఏనుగంత బరువనిపించింది. అయినా మోశాడు. లోపల పడేసి ఇంకోదానికి పరిగెత్తాడు. వాన జోరందుకుంది. కళ్ళజోడు మీద నీళ్ళు కారి ఏదీ సరిగా కనబడటం లేదు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. వాన గురించి ఎవరెవరో అడుగుతున్నారు కాబోలు. తీసి చూసే చేయి ఖాళీ లేదు.

మూడో పరుపుతో రోడ్డు మధ్యకొచ్చేసరికి ఒక కారు కీచుమని ఆగింది. దాని నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డుంది. స్టీరింగు ముందు ఎవరో కొత్తావిడ కళ్ళింత చేసుకుని కూర్చుంది. పక్క సీటు అద్దం దిగింది.

భార్య ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి, కళ్ళజోడు వంకరై, వీపు మీద పరుపుతో నిలబడ్డ మొగుణ్ణి ఆవిడ ఇంతకు మునుపెన్నడూ చూడలేదు.

"వాన పడుతోంది," అన్నాడు పళ్ళాయన, చాలా ముఖ్యమైన కబురు తెచ్చినవాడిలా.

"అలాగాండీ?" అంది ఆవిడ. "ఎక్కండి, తడిసిపోయారు."

ఇంకా రెండున్నాయి, నువ్వు వెళ్ళు అన్నాడాయన. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బ్రేకు మీంచి కాలు తీయవద్దని కొత్తావిడకి గట్టిగా చెప్పి, చెప్పులు కార్లోనే విడిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని దిగి పరుపు రెండో చివర పట్టుకుంది. కంగారులో కొత్తావిడ కాలు దేన్ని నొక్కిందో, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. పరుపులాయన కొట్టు గుమ్మంలోంచి, "అటు కాదమ్మా, ఎడమకి, ఎడమకి" అని చెబుతూనే ఉన్నాడు. అది కారుకో పరుపుకో ఎవరికీ తెలియలేదు.